వెనక కుడి మోటారు

మిషను మోత విని రోగం చెప్పడంలో నన్ను మించినవాడు సూరత్ పక్కనున్న ఈ కడోదరా మొత్తంలో లేడని నా నమ్మకం. నా భార్య దాన్ని పొగరు అంటుంది. పద్దెనిమిదేళ్లుగా వాటర్‌జెట్ మగ్గాల కార్ఖానలో ఫిట్టర్ని. నూట ఇరవై మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే, గేటు దగ్గర బండికి స్టాండు వేస్తూనే ఏ వరసలో బేరింగు అరిగిందో చెప్పేస్తాను. అలాంటి నన్ను పావు కిలో బరువు కూడా లేని ఒక డ్రోను మూడు వారాల పాటు ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్లు తాగించింది.

దాని మోత ఎలా ఉండేదంటే, నేల మీద నుంచి లేచేటప్పుడు అన్ని డ్రోన్ల లాగే జుమ్మని లేచేది. తల ఎత్తు దాటాక ఆ జుమ్ముకింద ఇంకో చప్పుడు మొదలయ్యేది. కొబ్బరి చిప్పను గచ్చు మీద గీసినట్టు కిర్రు కిర్రు. గాలి తోసినప్పుడు పెరిగేది, నిలకడగా ఉన్నప్పుడు సన్నగా మూలిగేది. దించి చేత్తో తిప్పి చూస్తే నాలుగు రెక్కలూ ఏమీ ఎరగనట్టు తిరిగేవి. కార్ఖానలో కూడా కొన్ని మగ్గాలు అంతే. ఫిట్టరు వచ్చి నిలబడగానే బుద్ధిగా ఆడతాయి.

ఆ డ్రోను దాదాపు పది నెలలు పెట్టెలోనే ఉంది. కిందటి ఫాల్గుణంలో మా అమ్మ పోయింది. పొద్దున చాయ్ తాగింది, గుండెలో మంట అన్నది, ఉధనా దాటి ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. ఆ తర్వాత దాన్ని ఎగరేయాలని నాకు అనిపించలేదు. దీపావళికి ఇల్లు దులుపుతూ నా భార్య ఆ పెట్టెను తెచ్చి నా ముందు పెట్టింది.

"ఏందయ్యా, ఇది ఎగిరేస్తవా, ఎవరికన్న ఇచ్చేస్తవా? ఊకె జాగ పట్టుకొని కూసున్నది."

డ్రోను కొన్న నాటి నుంచి ఆమెకు అది సవతి. డిండోలిలో మా బిల్డింగు నాలుగో అంతస్తు మీద డాబా, దాని మీద నుంచి బతుకమ్మ ఆటలూ, బంధువుల పెళ్లి ఊరేగింపులూ తీసేవాణ్ణి. ఆమెను మాత్రం ఒక్కసారి కూడా సరిగ్గా తీయలేదని ఆమె ఫిర్యాదు. అది నిజమే.

బ్యాటరీలు చార్జి చేసి ఎగరేశాను. మోత వినబడింది. దించేశాను. మెమరీ కార్డులో జాగా ఉందో లేదో చూద్దామని తీసి లాప్‌టాప్‌లో పెడితే, చిట్టచివరి వీడియోలో మా అమ్మ ఉంది.

పద్నాలుగు సెకన్లు. చలికాలం మధ్యాహ్నం ఎండలో పిట్టగోడ పక్కన గోనెపట్టా మీద కూర్చుని ఉంది. ఒళ్లో చిలకపచ్చ చీర, చేతిలో చిన్న కత్తెర. కార్ఖాన పని మానేశాక ఆమె ఇంటి దగ్గర చీరల మీద వేలాడే దారాలు కత్తిరించే పని చేసేది. డ్రోను లేవగానే తల ఎత్తి చూసింది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఏదో చెప్పింది. కెమెరా వైపు సూటిగా చూస్తూ, ఆగి ఆగి, మళ్లీ మళ్లీ చెప్పింది. చివర తల పక్కకు తిప్పి ఇంకేదో అన్నది. అంతలో నేను కెమెరాను రైలు పట్టాల వైపు తిప్పేశాను.

ఆ రోజు నాకు గుర్తుంది. ఆమె ఏదో అంటోందని తెలుసు. రెక్కల మోతలో ఒక్క ముక్క వినపడలేదు. రిమోట్ మీద నుంచి కళ్లు ఎత్తకుండానే "ఆఁ ఆఁ, అయిపోయిందమ్మా" అన్నాను. ఏం అయిపోయిందో నాకే తెలియదు. బజారులో ముసలివాళ్లకు చెప్పినట్టు చెప్పాను.

ఈ రకం డ్రోన్లకు మైకు ఉండదు. సొంత మోతలో వాటికి ఇంకేదీ వినపడదు గనుక పెట్టరు. బొమ్మ మాత్రం అద్దంలా వస్తుంది. మా అమ్మ ముక్కుపుడక మీద ఎండ తళుక్కుమనడం కూడా కనిపిస్తుంది, గొంతు మాత్రం లేదు. నిజానికి ఆమె గొంతు మా దగ్గర ఎక్కడా లేదు. ఆమెది బటన్ల ఫోను, అందులో రికార్డు చేసుకున్నది ఏమీ లేదు. పెళ్లి వీడియోల్లో ఆమె ఎప్పుడూ వంటల దగ్గరే ఉండేది. ఉన్నదల్లా ఈ పద్నాలుగు సెకన్లు. అందులో ఆమె నాతో ఏమన్నదో తెలిస్తే చాలు, ఇంకేమీ అక్కరలేదు అనిపించింది. ఆ అనిపించడం రోజురోజుకూ ముదిరింది.

నా భార్యకు ఒకసారి చూపించాను. కళ్లు తుడుచుకుంటూ మూడుసార్లు చూసి, "తిన్నవా అంటున్నది. అత్తమ్మ ఇంకేమంటది?" అన్నది. నాకు మాత్రం "పైలం కొడకా" అన్నట్టు తోచింది. ఆగి ఆగి చెప్పింది కదా, అంత శ్రద్ధగా చెప్పేది జాగ్రత్తే అయ్యుంటుంది అనుకున్నాను. పడుకునే ముందు వీడియో నెమ్మదిగా నడిపి, ఆ పెదవుల మీద "పైలం" అన్న మాటను అతికించి చూసుకునేవాణ్ణి. కొన్నిసార్లు అతికేది, కొన్నిసార్లు జారిపోయేది.

ఇంట్లో అడగవలసిన మనిషిని మాత్రం అడగలేదు. ఎందుకు అడగలేదో చెప్పాలంటే మా అమ్మా నాయినల సంగతి చెప్పాలి.

వాళ్లు సిరిసిల్ల నుంచి కొత్త జంటగా సూరత్ వచ్చి జోల్వాలో ఒక సాంచాల కార్ఖానలో చేరారు. పవర్‌లూమ్‌లను మా వాళ్లు సాంచాలు అంటారు. అప్పట్లో అన్నీ అటూ ఇటూ దారం మోసే నాడెతో నడిచేవి. ఆ నాడె అటు కొట్టి ఇటు కొట్టి, నలభై ఎనిమిది సాంచాలు కలిసి చేసే మోతలో పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. మా నాయిన సాంచాలు నడిపేవాడు. మా అమ్మ అదే షెడ్డులో ఓ మూలన కూర్చుని, మగ్గం ఎక్కబోయే బీముకు చుట్టిన పడుగు దారాలను ఒక్కొక్కటే ఇనుప కొక్కెంతో సన్నని తీగల బెజ్జాల్లోంచి లాగేది. రోజుకు కొన్ని వేల దారాలు. వాటిలో ఒక్కటి తప్పినా ఆమె కంటికి ఎంత దూరం నుంచైనా తెలిసిపోయేది.

అక్కడ అందరూ పెదవులతోనే మాట్లాడుకునేవారు. గొంతు వాడరు, పెదవులు మాత్రం సాగదీసి పలుకుతారు. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు మంచినీళ్లు అడగొచ్చు, మేస్త్రిని తిట్టొచ్చు. మా అమ్మా నాయినలు పన్నెండు గంటల షిఫ్టు అంతా పోట్లాడుకునేవారట, షెడ్డులో ఒక్కరికీ చప్పుడు వినపడకుండా.

ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. అన్నాలు తింటుంటే ఆమె పొయ్యి దగ్గర నుంచి పెదవులు కదిపేది, ఆయన పకపకా నవ్వేవాడు. "ఏందమ్మా?" అని పిల్లలం వెంటపడితే, "ఏం లేదు, తిను" అనేది. నేర్పమని ఒకసారి మారాం చేశాను. అప్పుడు ఆమెకు నిజంగా కోపం వచ్చింది. "అది కార్ఖాన మాట. మీకెందుకు? మీరు మంచిగ చదువుకోండ్రి." మా బతుకుల్లో ఆ మాట అవసరం పడకూడదని ఆమె మొక్కు. నేను కార్ఖానకే పోయాను గాని చెవుల్లో బిరడాలు పెట్టుకుని పోయాను. అందుకని ఆ మాట నాకు రాకుండానే మిగిలిపోయింది.

ముప్పై మూడేళ్లు సాంచాల మధ్య నిలబడి మా నాయిన చెవులు పోయాయి. డాక్టరు ఇచ్చిన చెవిమిషను డబ్బాలోనే ఉంటుంది, పెట్టుకుంటే గోల గోలగా ఉందట. మేమంతా ఆయనతో అరిచి మాట్లాడతాం. అరుస్తుంటే మా మొహాలు ఎలాగో వంకరపోతాయి, అందుకని మా పెదవులు ఆయనకు సరిగ్గా అందవు. ఆయనతో అరవకుండా మాట్లాడే మనిషి ఒక్కతే ఉండేది. ఆమె పోయాక ఆయన బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, అంతే. ఆమె ఫోటో కట్టించి తెస్తే, "నా ముంగట పెట్టకుండ్రి" అన్నాడు. ఆ ఫోటో ఇప్పటికీ మా పడకగదిలో ఉంది.

మరి ఆ మనిషికి ఈ వీడియో ఎలా చూపిస్తాను? పైగా చెవులు వినపడని వాడిని, ఏమన్నదో చెప్పు అని ఎవరైనా అడుగుతారా? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అన్న సామెత ఎవడో నాలాంటి వాడిని చూసే పుట్టించి ఉంటాడు.

వీడియో సంగతి అలా ఉంటే, మోత సంగతి ఇంకోలా ఉంది. మొదట రెక్కల మీద అనుమానపడ్డాను. అంచు కొద్దిగా చిట్లినా చప్పుడు చేస్తాయి. డ్రోను నాలుగు చేతులకూ కొత్త రెక్కలు వేశాను. మోత అలాగే ఉంది. స్క్రూలు బిగించాను, ఒకటి వదులుగా దొరికింది, దొంగ దొరికాడని సంబరపడ్డాను. వాడు దొంగ కాదు. ఫోనులోని యాప్ దిక్సూచి సరిచేయమంటే, డాబా మీద నిలబడి డ్రోనును హారతి పట్టినట్టు గుండ్రంగా తిప్పాను. ఎదురు డాబా మీద బట్టలు ఆరేస్తున్న గుజరాతీ ఆవిడ చేతులు జోడించింది, వేళాకోళానికో, నిజంగానో.

రెక్కలు తీసేసి ఒట్టి మోటార్లు నడిపితే, వెనక కుడి చేతిలో ఉన్నదే మూలుగుతోందని తేలింది. అక్కడ గాలి కొట్టాను, బ్రష్‌తో దులిపాను, టార్చి వేసి పైనుంచి చూశాను. ఏమీ కనపడలేదు. అప్పుడు మా ఫిట్టర్ల కులం వాళ్లు మాత్రమే చేసే తప్పు ఒకటి చేశాను. నూనె వేశాను.

సాంచా కిర్రుమంటే నూనె. మా ఇంట్లో తలుపు, కుట్టుమిషను, ఫ్యాను, అన్నిటికీ అదే మందు. కార్ఖాన నుంచి తెచ్చిన సన్న నూనె, సూది మొనతో ఒక్క చుక్క. మోత ఠక్కున ఆగిపోయింది. "చూసినవా?" అని భార్య ముందు మీసం తిప్పాను. రెండు రోజులు బాగా ఎగిరింది. మూడో రోజు చిప్ప గీతకు బదులు రంపం కోత వినబడింది. డిండోలి గాలిలో ఎప్పుడూ దూది నలుసులూ, దారపు నూగూ తేలుతుంటాయి, ఆ నూనె వాటన్నిటినీ పిలిచి కూర్చోబెట్టింది. ఇలాంటి మోటారుకు నూనె వేయకూడదని పుస్తకంలో రాసే ఉంది. ఆ పుస్తకం నేను తర్వాత చదివాను.

సిగ్గు చంపుకుని తాపీ నది అవతల ఒక రిపేరు దుకాణానికి తీసుకుపోయాను. అక్కడి కుర్రాడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి తిప్పి, "కాకా, మోటర్ బదలీ నాఖో" అన్నాడు. మోటారు మార్చేయమని. రోగం ఏమిటో చెప్పకుండా అవయవం మార్చేసే వైద్యం నాకు ఒళ్లుమంట. కాకా అన్నందుకు కూడా కొంచెం మండింది. డ్రోను తీసుకుని వచ్చేశాను.

ఆ తర్వాతి సెలవు రోజు పొద్దున హాల్లో నేల మీద పాత దుప్పటి పరిచి, రెక్కలు తీసేసిన డ్రోనును పెట్టి మోటార్లు నడుపుతున్నాను. బాల్కనీలోంచి మా నాయిన లేచి వచ్చాడు. మోత విని కాదు, ఆయనకు వినపడదు. నా మొహం చూసి వచ్చి ఉంటాడు. మోకాళ్లు పట్టుకుంటూ నా ఎదురుగా కూర్చుని చూపుడు వేలు చాచాడు. డ్రోను నాలుగు చేతుల మీదా వరసగా ఆ వేలు ఆనించాడు. వెనక కుడి చేతి దగ్గర ఆగి కళ్లు మూసుకున్నాడు. చెవులు పోయినా ఆ వేళ్లు పోలేదు. సాంచా దూలం మీద అరచెయ్యి పెట్టి దాని మంచి చెడ్డ చెప్పేవాడు.

"గిది. దీంట్ల ఏదో చుట్టుకున్నది."

లేదని చెయ్యి ఊపాను. టార్చి వేసి చూశానని సైగ చేశాను. ఫిట్టర్ని నేను, ఆయనేం చెబుతాడు?

"ఎప్పటి సంది గిట్ల?"

తెలియదని భుజాలు ఎగరేశాను.

"తెల్వకుంటే ఎట్ల? బట్ట ఇప్పి చూడు."

ఆ మాట విని నా చెయ్యి ఆగిపోయింది. సాంచా మీద బట్టలో ఏదైనా లోపం కనపడితే పాతకాలపు పనివాళ్లు ముందు మిషను ముట్టుకోరు. నేసిన బట్టను వెనక్కి విప్పుకుంటూ పోతారు. లోపం మొదలైన గీత దొరికితే, ఆ సమయానికి ఏం జరిగిందో గుర్తు చేసుకుంటారు. కండె మార్చారా, దారం తెగిందా, ఎవరైనా ఏదైనా పడేశారా? బట్ట మరిచిపోదు అనేవాడు మా నాయిన. మరి డ్రోను నేసే బట్ట ఏది? బొమ్మే కదా. మోటారు వణికితే బొమ్మలో సన్నని అలలు వస్తాయి. ఇన్ని రోజులూ మోతనే వింటున్నాను గాని బొమ్మను అలా చూడాలని నాకు తోచలేదు.

లాప్‌టాప్ తెచ్చి వీడియోలు చివరి నుంచి వెనక్కి పెట్టాను. ఈ మూడు వారాల్లో తీసినవన్నీ అలలే. బిల్డింగుల అంచులు నీళ్లలో నీడల్లా ఊగుతున్నాయి. కిందటి ఏడు బతుకమ్మ వీడియో పెట్టాను. గీత గీసినట్టు నిలబడి ఉంది. ఇక రెండిటి మధ్య మిగిలింది ఒక్కటే. ఆ వీడియో చిన్న బొమ్మగా తెర మీద ఉంది, చిలకపచ్చ రంగు కనిపిస్తూనే ఉంది. గబుక్కున మూత వేయబోయాను.

మా నాయిన నా మణికట్టు పట్టుకున్నాడు.

"పెట్టు."

పెట్టాను. డ్రోను నేల మీద నుంచి లేచింది. పిట్టగోడ అంచు తిన్నగా ఉంది. నాలుగో సెకను దగ్గర ఆ అంచు సన్నగా వణకడం మొదలైంది. వంద సార్లు చూశాను ఆ వీడియో. ఆమె మొహం తప్ప ఇంకేమీ చూడలేదు గనుక ఆ వణుకు నాకు ఎప్పుడూ కనపడలేదు. తెర మీద మా అమ్మ తల ఎత్తింది, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంది, చెప్పడం మొదలుపెట్టింది. నేను తెర వైపు చూడలేక మా నాయిన వైపు చూశాను. ఆయన పెదవులు ఆమె పెదవులతో పాటు కదులుతున్నాయి.

అప్పుడు నా బుర్రకు వెలిగింది.

ఆయన భుజం తట్టి, తెర వైపు చూపించి, ఏమంటోంది అన్నట్టు చెయ్యి తిప్పాను. ఆయన నన్ను వింతగా చూశాడు, పేపరు చేతికిచ్చి ఇందులో ఏం రాసి ఉందని అడిగినట్టు.

"ఏమంటది? దారం చుట్టుకున్నది అంటున్నది. కనవడతలేదా?"

మళ్లీ మొదటి నుంచి పెట్టాను. ఆయన ఆమెతో పాటే, గట్టిగా, షెడ్డు గొంతుతో చదివాడు. "అరే, దారం చుట్టుకున్నది. దాని కాలుకు. ఎనుక కాలుకు. దించు. దించు బిడ్డా, ఖరాబైతది... ఇంటలేడు." చివర ఆమె తల పక్కకు తిప్పింది. మా నాయిన పెదవులు కదలబోయి ఆగాయి. వీడియో అయిపోయింది.

ఆ చివరి మాట ఏమిటని మళ్లీ చెయ్యి తిప్పాను.

"ఆడికే, ఇంకేం లే" అని లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

పైలం లేదు, దీవెన లేదు. దారం చుట్టుకుంది, దించు. నాకు నవ్వొచ్చింది, నవ్వుతూ నవ్వుతూ ఏడుపొచ్చింది. వంటింట్లోంచి నా భార్య పరుగెత్తుకొచ్చింది. వేల దారాల్లో తప్పిన ఒక్కదాన్ని పట్టే కళ్లు. గాలిలో తిరుగుతున్న మోటారు కింద ఒక పోగు చుట్టుకోవడం ఆ కళ్లు చూశాయి. చూసి చెప్పింది. ఆఁ ఆఁ అన్నాను నేను.

అమ్మ రేకు డబ్బాలో ఆమె కొక్కెం ఇంకా ఉంది. పిడి దగ్గర బొటనవేలు ఆనే చోట ఇనుము గుంటపడి ఉంటుంది. నా భార్య టార్చి పట్టుకుంది. ఈసారి పైనుంచి కాకుండా పక్క నుంచి, మోటారు గిన్నెకూ డ్రోను చేతికీ మధ్య ఉన్న సందులోకి వెలుగు వేయించాను. ఇరుసు చుట్టూ నల్లగా ఏదో మెత్త. దాన్నే నేను ఇన్నాళ్లూ మోటారు భాగం అనుకున్నాను. కొక్కెం మొన లోపలికి తోసి మెల్లిగా లాగాను. ఒక కొస దొరికింది. చుట్టు మీద చుట్టు విడిపోతూ వచ్చింది, జానెడు దారం. నూనె నలుపు తుడిస్తే లోపల చిలకపచ్చ.

నా భార్య దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, "గా చీరదే" అన్నది. ఆ చీర తిరిగి సేఠ్ దగ్గరికి పోయి, మడతపడి, ఏ ఊళ్లో ఎవరు కట్టుకుంటున్నారో. అందులోంచి మా అమ్మ కత్తిరించి పక్కన పడేసిన పోగు ఒకటి, లేస్తున్న డ్రోను గాలికి ఎగిరి దాన్ని పట్టుకుంది. పది నెలలు పెట్టెలో నాతోనే ఉంది. దాన్ని పారేయడానికి చేతులు రాలేదు. కొక్కేనికే చుట్టి డబ్బాలో పెట్టేశాను.

సాయంత్రం నాలుగింటికి డాబా ఎక్కి ఎగరేశాను. మళ్లీ చలికాలమే, అదే ఎండ. డ్రోను తల ఎత్తు దాటింది, నీళ్ల ట్యాంకు ఎత్తు దాటింది. చిప్ప గీత లేదు, రంపం కోత లేదు. ఒట్టి జుమ్ము. మోత పోయినందుకు సంతోషపడాలి కదా. నాకు మాత్రం ఇల్లు ఖాళీ అయినట్టు అనిపించింది. ఇన్ని రోజులూ ఆ కిర్రు కిర్రులో ఆమె నాతో ఏదో అంటూనే ఉంది, ఇప్పుడు మానేసింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. మా నాయిన. ఆమె పోయాక ఆయన డాబా ఎక్కడం అదే మొదటిసారి. చేతిలో కాగితం పొట్లం, లేత జొన్న గింజలు కాల్చి అమ్మేవి. సూరత్‌లో దాన్ని పొంక్ అంటారు, మా నాయిన మాత్రం ఎన్నేళ్లయినా ఊచబియ్యమనే అంటాడు. నీళ్ల ట్యాంకు పక్కన, తను ఎప్పుడూ కూర్చునే చోట నిలబడ్డాడు. కూర్చోలేదు.

"ఆఖర్ల ఏమన్నదో అడిగినవ్ గద" అన్నాడు.

తల ఊపాను.

"అది నీకు గాదు, నాకు. నేను ఈడ్నే కూసున్న ఆ రోజు. నువ్వు ఇంటలేవని నా దిక్కు తిరిగి అన్నది. 'నువ్వన్న చెప్పు వానికి' అన్నది."

డ్రోను మా ఇద్దరి తలల మీద నిలబడి ఉంది. ఆయన చేతిలోని పొట్లం వైపు చూసుకున్నాడు.

"నేను లెవ్వలే. చేతుల ఊచబియ్యముండె. ఎట్లయిన దించుతడు గద, అప్పుడు చెప్త అనుకున్న. ఇగ యాది మరిచిన." పొట్లం మూతి మడిచాడు. "ఎన్నడు ఏది చెప్పుమన్నా చెప్పకుండ ఉండలే నేను. గదొక్కటే."

పోనీలే నాయినా అందామనుకున్నాను. అరిచి చెప్పే మాట కాదు, మెల్లిగా చెబితే ఆయనకు వినపడదు. రిమోట్ పట్టుకుని నిలబడ్డాను. ఆయన పొట్లాన్ని ట్యాంకు గట్టు మీద పెట్టి, చేతులు దులుపుకుని నా దగ్గరికి వచ్చాడు. తల ఎత్తి డ్రోను వైపు చూశాడు. తర్వాత నలభై ఎనిమిది సాంచాలను దాటి వినపడేంత గట్టిగా అన్నాడు.

"అరే, దారం చుట్టుకున్నదట. దించుమంటున్నది మీ అమ్మ."

తీసేశాం కదా నాయినా అనలేదు నేను. "దించుతున్న" అన్నాను, పెదవులు సాగదీసి, ఆయనకు కనపడేలా. రిమోట్ పుల్లను మెల్లిగా కిందికి నొక్కాను. డ్రోను దిగి గచ్చు మీద కూర్చుంది. రెక్కలు ఆగాయి.

మా నాయిన పిట్టగోడ వైపు తిరిగాడు. అక్కడ గోనెపట్టా లేదు, ఏమీ లేదు, ఎండ మాత్రం పడుతోంది. గొంతు లేకుండా ఆయన పెదవులు కదిలాయి. ఒక్కటే మాట. మధ్యలో పెదవులు రెండూ గట్టిగా కలిసి విడిపోయాయి. ఇంట్లో చిన్నప్పటి నుంచి చూస్తున్నా ఆ కార్ఖాన మాట నాకు ఒక్క ముక్క రాదు. అయినా ఆ రోజు ఆ మాటను చదవగలిగాను.

"చెప్పిన" అన్నాడు ఆమెతో.